కాలర్ మిషన్ మీది పసుపు పువ్వు

పోయిన వారం రుస్తాఖ్‌లోని మా దర్జీ దుకాణానికి ఒక ఒమానీ అమ్మాయి తన తండ్రి దిష్‌దాషా, అదే ఇక్కడి మగవాళ్ళ పొడుగు అంగీ, పొడవు తగ్గించమని తెచ్చి, నేను కొలతలు తీస్తున్నంతసేపూ తన సంగతి చెప్పింది. ఆమె పనిచేసే కంపెనీ పనినంతా వేరే దేశానికి తరలించిందట, ఉద్యోగం పోయిందట. అయినా కొన్నాళ్ళపాటు సర్కారు భత్యం ఇస్తోందట, కొత్త పని నేర్చుకోవడానికి క్లాసులకు కూడా వెళుతోందట. సంతోషం తల్లీ అన్నాను గాని, ఆమె వెళ్ళాక చాలాసేపు కత్తెర పట్టబుద్ధి కాలేదు. సరిగ్గా ఇలాంటి మాటనే నమ్మి మా కాక చేతికొచ్చిన పని వదులుకున్నాడు. ఆ మాట చెప్పినవాణ్ణి నేనే.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మస్కట్ శివార్లలో బట్టల ఫ్యాక్టరీలు ఉండేవి. మా లైనులో ఒక్కొక్కరిదీ ఒక్కటే పని: నేను చొక్కాల చేతి పట్టీలు కుట్టేవాణ్ణి, నా పక్కన కాక కాలర్లు కుట్టేవాడు. పిలుపుకు కాకే గాని చుట్టం కాడు, మా జిల్లావాడు. కాలర్లు కుట్టీ కుట్టీ నిండు చొక్కా కుట్టడమే మరిచిపోయానని నవ్వేవాడు. మా మిషన్లు ఆ చొక్కాలు కొనే దేశంలోనే ఏదో మూతపడిన ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాతవి. కాక మిషన్ మీద ఎవరో అంటించుకున్న పసుపు పువ్వు బొమ్మ ఉండేది. రోజూ నూనెగుడ్డతో తుడిచేటప్పుడు దాని అంచు లేవకుండా చుట్టూ తుడిచేవాడు. ఎందుకు కాకా, పీకెయ్యరాదా అంటే, "ఎవలో ఆడిబిడ్డ పెట్టుకున్నది, ఉండనియ్యిరా" అనేవాడు.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో రెండు బీరువాలు ఖాళీ చేసి సంపాదించుకున్నదే. ఒమాన్ వచ్చాక కూడా మస్కట్‌లోని వాడి కబీర్ అనే పేటలో ఒక తెలుగు టీచరమ్మ దగ్గర పాత పత్రికలు అడిగి తెచ్చుకుని, శుక్రవారం పూట రూమ్‌లో అందరికీ చదివి వినిపించేవాణ్ణి. ఫ్యాక్టరీ వేరే దేశానికి తరలిపోతోందని తెలిసిన రోజుల్లోనే ఒక వ్యాసం కంటబడింది: పని విదేశాలకు తరలిపోయి కొలువు పోగొట్టుకున్నవారికి ప్రభుత్వమే కొత్త పని నేర్పి, అది చేతికొచ్చేదాకా భత్యం ఇస్తుందని. ఆ చట్టం మా చొక్కాలు కొనే దేశానిదని తెలుసు. వాళ్ళు తొడుక్కునే బట్ట మేం కుట్టినప్పుడు ఆ చట్టంలో మాకూ చోటుంటుందని వాదించాను. కాకకు కటింగ్ మాస్టర్ పని నేర్చుకోవాలని ఎన్నాళ్ళ కోరికో! ఖురియాత్ ఊళ్ళో ఒక బిల్డింగ్ సైట్‌కు కూలీలుగా తీసుకుంటామంటే రూమ్‌లో సగంమంది వెళ్ళారు. కాక మాత్రం వెళ్ళలేదు.

"ఏందే కాకా, పుస్తకం పెడ్తదా బువ్వ?" అని వెళ్ళేవాళ్ళు ఎగతాళి చేస్తే, "మావోడు సదివిండ్రా, ఊకె చెప్తడా" అన్నాడు. ఆ మాటకు నేనెంత పొంగిపోయానో!

ఆ వ్యాసం టీచరమ్మకు ఒకసారి చూపించి ఉంటే సరిపోయేది. నిఘంటువు ముందు పెట్టుకుని అర్జీ నేనే ఇంగ్లీషులో రాశాను. కార్మిక కార్యాలయంలో ఒక పెద్దవయసు అధికారి దాన్ని రెండుసార్లు చదివి, నవ్వకుండా, మాకు చాయ్ తెప్పించి, హిందీలో మెల్లగా చెప్పాడు. "భాయ్, ఇది ఆ దేశపు మజ్దూర్ల కోసం. వాళ్ళ పని ఎక్కడికి పోయిందనుకున్నావు? మీ దగ్గరికే కదా."

అంత చదివినవాణ్ణి, విదేశం అంటే మేమేనని నాకు తట్టలేదు.

అప్పటికి ఖురియాత్ సైట్‌లో ఖాళీలు నిండిపోయాయి. ఇంటికి పోవడం తప్ప కాకకు దారి లేదు. ఆఖరి వారం మా మిషన్లను మేమే ప్లాస్టిక్ చుట్టి పెట్టెల్లోకి ఎక్కించాం. తనదాన్ని చుట్టే ముందు కాక నూనె పెట్టి, సూదిలో కొత్త దారం ఎక్కించి, పువ్వు చుట్టూ ఎప్పటిలాగే తుడిచాడు. నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను.

"అవురా, మరి గీ ఆడిబిడ్డకన్న ఇచ్చిండ్రా సర్కారోళ్ళు?" అని అడిగాడు.

తెలియదన్నాను. ఆ తర్వాత దొరికిన పుస్తకాలన్నీ వెతికాను గాని, చట్టాలు కనిపించాయి, ఆమె కనిపించలేదు. కాక ఊళ్ళో పొలం పనికి పోయి, కటింగ్ నేర్వకుండానే కన్నుమూశాడు. మా ఫ్యాక్టరీ షెడ్డు ఇప్పుడు టైల్స్ గోదాము. పని పోయినవాళ్ళను ఆదుకునే రోజులు ఇక్కడివాళ్ళకైతే వచ్చాయి, మంచిదే. మాలాంటివాళ్ళకు మాత్రం ఇప్పటికీ దక్కేది ఇంటికి టికెట్టే. ఆ అమ్మాయి దిష్‌దాషా అంచు కుడుతూ, మిషన్ల హోరులో నా పక్కన కాలర్ తిప్పుతూ కూర్చున్న కాకకు గట్టిగా అరిచి చెప్పాలనిపించింది: ఒక ఆడిబిడ్డకు ఇచ్చారట కాకా, ఇవాళే విన్నాను.