తొమ్మిది కిలోల సంచితో కొత్తపట్నం దాకా

ఈ సంగతి రాసిమ్మని మా చెల్లెలి కూతురు కీర్తన చాలా నెలలుగా అడుగుతోంది. తను వెళ్ళొచ్చిన ఊళ్ళ గురించి నలుగురూ చదివేలా ఫోన్లో రాస్తూ ఉంటుంది. "నువ్వు కాగితం మీద రాయి పెద్దమ్మా, టైపు నేను చేసుకుంటా" అంటుంది. పదో తరగతి చదివినదాన్ని, ఉత్తరాలు తప్ప మరేమీ రాసి ఎరగను. ఇప్పుడైనా కలం పట్టడానికి కారణం ఒక్కటే, నోటితో చెప్పి చెప్పి అలసిపోయాను. నేను గుంటూరులో ఒక చర్చిలో బైబిల్ ఉమెన్‌ని. ఇల్లిల్లూ తిరిగి, జబ్బుపడినవాళ్ళ దగ్గర, దిగులుగా ఉన్నవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని, వాక్యం చదివి, ప్రార్థన చేసి రావడం నా పని. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా "ఎట్టా తగ్గారండీ?" అనే అడుగుతున్నారు. అడుగుతూనే లడ్డూ పళ్ళెం నా ముందుకు జరుపుతున్నారు. నాలాగే ఒళ్ళు తగ్గించుకోలేక విసిగిపోయి, నాలాగే ఎక్కడికైనా ఒకసారి వెళ్ళొద్దామనుకునే ఆడవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా ఒళ్ళు పెరిగింది ఈ పనిలోనే. రోజుకు ఆరేడు ఇళ్ళు, ప్రతి ఇంట్లో ప్రార్థన కాగానే చక్కెర ఎక్కువేసిన టీ, దానితోపాటు మిక్చరో కేకు ముక్కో. వద్దంటే "మా ఇంట్లో ముట్టుకోరా అమ్మగారూ?" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. ఇరవై నాలుగేళ్ళుగా ఎవరి మొహమూ చిన్నబుచ్చకుండా వచ్చాను. ఎనభై ఆరు కిలోలయ్యాను. మూడేళ్ళ క్రితం కొత్తపట్నం దగ్గర పల్లెపాలెంలో స్త్రీల కూడికకు వెళ్ళినప్పుడు అందరితో పాటు మోకాళ్ళూనాను. ప్రార్థన అయ్యాక లేవలేకపోయాను. ముగ్గురు ఆడవాళ్ళు చంకల కింద చేతులు వేసి లేపారు. వెనక ఎవరో చిన్నపిల్ల నవ్వింది. ఆ పిల్లను తప్పుపట్టను, చూడ్డానికి అలాగే ఉండి ఉంటాను. ఆ రోజు నుంచీ కుర్చీలో కూర్చునే ప్రార్థన చేస్తున్నాను. మోకాళ్ళ మీద ప్రార్థించండి అని ఊరందరికీ చెప్పే మనిషిని, నేను మాత్రం కుర్చీలో. బ్రాడీపేటలో డాక్టరుగారు మోకాళ్ళ ఎక్స్‌రే ఫిల్ములు చూసి, "ముందు పది కిలోలు తగ్గి రండి, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

ఆ మాట పట్టుకుని పది నెలలు పాటుపడ్డాను. ఎంత తగ్గానో గుర్తుపెట్టుకోవడానికి ఏవేవో చేశాను. మెడికల్ షాపు ముందున్న మిషను వారం వారం ఎక్కాను, అది ఒకసారి సంతోషపెడితే రెండుసార్లు ఏడిపించింది. కీర్తన ఫోన్లో గీతలు పెట్టింది, అవి నాకు అర్థం కాలేదు. జాకెట్లు బిగింపు వేయించాను, సంతోషం రెండు రోజులుంది. చివరికి మా అమ్మ చేసే పనే గుర్తొచ్చింది. మా చర్చిల్లో ఆడవాళ్ళు అన్నం వండేముందు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేస్తారు, నెలాఖరున అది చర్చికి ఇస్తారు. అది ఇంటందరి బియ్యంలోంచి తీసేది. నేను నా ఒక్కదాని వంతులోంచి తీయడం మొదలుపెట్టాను. ఒక కిలో తగ్గినప్పుడల్లా ఆ డబ్బాలోంచి కిలో బియ్యం తూచి ఒక గుడ్డసంచిలో పోసి, మూతి కట్టేదాన్ని. మిషను మీద అంకె రేపటికి మారిపోతుంది. సంచి మాత్రం మూల కూర్చుని కనబడుతూనే ఉంటుంది.

తొమ్మిది కిలోల దగ్గర ఆగిపోయింది. ఏడు వారాలు మిషను కదల్లేదు, సంచీ కదల్లేదు. సాయంత్రాలు ఆకలితో నీరసం, ప్రతి గుమ్మంలో వద్దు వద్దు అని చెప్పుకోవడం, ఇవన్నీ చేసి మోకాళ్ళు మాత్రం మెట్లెక్కుతుంటే అలాగే కరకరమంటున్నాయి. దేవునితో ఒక మాట అనుకున్నాను. మొక్కు అననుగానీ దాదాపు అలాంటిదే. ఈ తొమ్మిది కిలోల బియ్యం మోసుకుని అదే పల్లెపాలెం వెళ్తాను. అదే చాప మీద మోకాళ్ళూనుతాను. నా అంతట నేను లేవగలిగితే ఈ నియమాలన్నీ కొనసాగిస్తాను. లేవలేకపోతే ఇక వదిలేసి, కుర్చీతోనే సరిపెట్టుకుంటాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం వెళ్ళాను. ఐదున్నరకు ఆటోలో గుంటూరు బస్టాండుకు, ఆరుంబావుకు ఒంగోలు ఎక్స్‌ప్రెస్. ఆడవాళ్ళకు ఇప్పుడు టికెట్టు లేదు కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే చాలు, సున్నా టికెట్టు ఇస్తారు. కండక్టరు నా సంచి చూసి, "నీకు టికెట్ లేదు గానీ అమ్మా, దారిలో మాత్రం సంచి పెట్టొద్దు. ఒళ్ళో పెట్టుకో" అన్నాడు. అలాగే పెట్టుకున్నాను. చిలకలూరిపేట వచ్చేసరికి తొడలు తిమ్మిరెక్కాయి. రోడ్డుకు అటూ ఇటూ పత్తి చేలు ఏరడం అయిపోయి ఎండుకట్టెలుగా నిలబడి ఉన్నాయి. మార్టూరు దాటాక కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎకరాలకెకరాలు ఎర్రగా పరుచుకున్నాయి. కిటికీ తీసి ఉండడంతో బస్సులో సగంమంది దగ్గుతున్నారు. నేనూ దగ్గుతూ, సంచి జారకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. పది నెలల క్రితం ఈ బరువంతా ఇక్కడే, ఇదే పొట్ట దగ్గర ఉండేది, దించిపెట్టే వీలు కూడా లేకుండా. పాపం, నా మోకాళ్ళు నాతో ఏమీ చెప్పలేక కరకరలాడాయనిపించింది.

తొమ్మిదింటికి ఒంగోలు. బస్టాండు బయట బండి దగ్గర రెండిడ్లీ అడిగాను. "రెండేనా? నాలుగేస్తాను, వేడిగున్నయ్యి" అన్నాడు ఆయన. "రెండే బాబూ" అన్నాను. "నెయ్యికారమన్నా వేయించుకోండి, ఒంగోలొచ్చి ఒట్టి చట్నీతో తింటారా?" అన్నాడు. నవ్వి, ఒట్టి చట్నీతోనే తిన్నాను. అక్కడి నుంచి కొత్తపట్నం షేర్ ఆటోలు ఆగే చోటికి నడిచాను. మనిషికి ముప్పై రూపాయలు, దాదాపు ముప్పావుగంట. ఆటో నడిపే అబ్బాయి సంచి ఎత్తబోయి మళ్ళీ కిందపెట్టాడు.

"ఏముందమ్మా దీంట్లో, చీమకుర్తి గ్రానైటు రాళ్ళా?"

"నేనే ఉన్నాను నాయనా" అన్నాను. అలసటలో ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

అతను ఈసారి రెండు చేతులా సంచి ఎత్తి ఆటోలో పెడుతూ, "అయితే రెండు సీట్లకు తీసుకోవాల" అన్నాడు. ఆటోలో ఉన్న చేపల బుట్టలవాళ్ళు కూడా నవ్వారు. రెండు సీట్లకు మాత్రం తీసుకోలేదు.

కొత్తపట్నంలో దిగి పల్లెపాలెం చర్చికి అర కిలోమీటరు ఇసుకదారి. దారిలో నాలుగుసార్లు ఆగాను. ఒకే సంచి కావడంతో కుడి భుజం మంట పుట్టింది. చర్చి గుమ్మంలో మరియమ్మ ఎదురొచ్చింది. పోయినసారి నన్ను లేపిన ముగ్గురిలో ఈమె ఒకతె, చేపలమ్ముకునే మనిషి, అరవై దాటాయి, గొంతు సముద్రం మీదికి వినబడుతుంది.

"ఓలమ్మో, ఏంది అమ్మగారూ ఇట్టా చిక్కిపోయావు! జబ్బేమన్నా చేసిందా?"

"జబ్బు కాదు మరియమ్మా. కావాలనే తగ్గాను."

"కావాలని ఎవరన్నా చిక్కిపోతారా!" అంటూ నా చేతిలోంచి సంచి లాక్కుని, కోడిపిల్లను పట్టుకెళ్ళినట్టు వెనక వంటచోటికి పట్టుకెళ్ళింది. అది ఎందుకు తెచ్చానో చెప్పే సందు దొరకలేదు. చర్చికిచ్చే గుప్పెడు బియ్యమే అనుకుంది.

పదకొండింటికి కూడిక మొదలైంది. నేలంతా చాపలు, వాటికింద తలుపులోంచి కొట్టుకొచ్చిన ఇసుక. గోడవారన డోలక్కూ పాటల పుస్తకాలూ పెట్టే చెక్క బల్ల ఒకటి. నేను ఆ బల్ల పక్కనే కూర్చున్నాను. కావాలని కూర్చోలేదని చెప్పలేను. ఒకామె లేచి వచ్చి కుర్చీ తెచ్చిపెట్టబోతే చేత్తోనే వద్దన్నాను. ప్రార్థన వేళ అందరూ మోకాళ్ళూనారు. ముందు ఎడమకాలు, తర్వాత బల్ల మీద చేయి ఆనించకుండా కుడికాలు. ఇసుకరేణువులు చాపలోంచి గుచ్చుకున్నాయి. వేటకు పోయినవాళ్ళ కోసం, వలల కోసం, పరీక్షలున్న పిల్లల కోసం, వాయుగుండం రాకుండా ఉండడం కోసం, ఆ ప్రార్థన సాగుతూనే ఉంది. మూడేళ్ళ తర్వాత మోకాళ్ళ మీద ఉన్నాను కదా, నేనూ ఎన్నో అడగాలి. నిజం చెప్పాలంటే ఒక్కటే అడిగాను, తండ్రీ, లేపు అని.

ఆమేన్ అన్నారు. అందరూ లేచి సర్దుకుంటున్నారు. నేను కుడిపాదం ముందుకు పెట్టి, ఊపిరి బిగబట్టి లేవబోయాను. సగం దాకా వచ్చి మళ్ళీ కిందికి కూలబడ్డాను. మరియమ్మ అవతలి నుంచి నన్ను చూసి ఒక అడుగు వేసింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. రెండోసారి నా చేయి దానంతటదే బల్ల అంచు పట్టుకుంది. పట్టుకుని లేచాను. నిలబడ్డాను. కానీ బల్ల పట్టుకున్నాను. నా అంతట నేను అన్న మాట తప్పిపోయినట్టే. తర్వాత చెప్పిన వాక్యం ఏమిటో నాకు సరిగ్గా వినబడలేదు. పది నెలల ఆకలి, ఈ బస్సు, ఈ సంచి, అంతా ఒక బల్ల అంచు దగ్గర అయిపోయింది అనుకుంటూ కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు, అంత అలిసిపోయాను.

ఒంటిగంటకు భోజనాలు. దూరం నుంచి వచ్చిన మనిషినని ముందు నాకే వడ్డించారు. పళ్ళెం నిండా గోపురంలా అన్నం, పక్కన చేపల పులుసు. ఆవిరి మొహానికి తగులుతోంది. మరియమ్మ గరిటె పట్టుకుని నా ముందు నిలబడి, "తిను అమ్మగారూ, ఇది నువ్వు తెచ్చిన బియ్యమే. స్టోరు బియ్యం కాదు, మంచి పాత బియ్యం, ఒక్కొక్కటి పువ్వులా విచ్చుకుంది" అంది. పది నెలలు నాలోంచి తీసి దాచిన బియ్యం మళ్ళీ నా పళ్ళెంలోకే వచ్చింది. ఎలాగూ మాట తప్పింది కదా, ఇక ఎవరిని ఆపాలి, తినేద్దాం అనుకుని చేయి పెట్టాను. చేయి ముందుకు పోలేదు.

"ఏంది, అన్నం ముందర పెట్టుకుని ఆ మొహమేంది?" అంది మరియమ్మ. చెప్పాను. దేవునితో అనుకున్న మాట, సంచి సంగతి, బల్ల సంగతి, అన్నీ మెల్లగా చెప్పాను. పక్కవాళ్ళు తినడం ఆపి వింటున్నారు.

"ఇయ్యాల నిన్ను ఎవరు లేపారు?" అని అడిగింది.

"ఎవరూ లేపలేదు. బల్ల పట్టుకున్నాను."

"బల్ల మనిషి కాదు గదమ్మా!" అంది గరిటె ఊపుతూ. "పోయినసారి ముగ్గురం పట్టాం నిన్ను. నాకు పదిరోజులు నడుం పట్టేసింది, మావోడు తైలం రాసి రాసి తిట్టాడు. ఇయ్యాల నా నడుం సుబ్బరంగా ఉంది. ఇంకేం కావాల నీకు?"

అందరూ గొల్లున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నవ్వులోనే కళ్ళు నిండాయి. ఆ నవ్వు ఆగకముందే ఆమె ఇంకో గరిటె అన్నం నా పళ్ళెం మీదికి తెచ్చింది. నేను అరచేయి అడ్డం పెట్టాను. "చాలు మరియమ్మా" అన్నాను. గరిటె గాల్లో ఆగింది. ఇంతమంది మధ్య ఆ మాట నా నోట ఇంత గట్టిగా ఎప్పుడూ రాలేదు. "నాలోంచి తీసి తెచ్చాను, మళ్ళీ నాలోకి పెట్టకు" అంటూ ఆ గోపురంలో సగం తీసి పక్కనున్న ముసలమ్మ పళ్ళెంలో పెట్టాను. మరియమ్మ గరిటె దించి, "సరే, పులుసన్నా పోయించుకో, దానికేం బరువు" అంది. పోయించుకున్నాను. ఆమె మొహం చిన్నబోలేదు.

మూడింటికి ఆటో, నాలుగున్నరకు ఒంగోల్లో బస్సు, ఏడున్నరకు ఇల్లు చేరాను. తిరుగుదారిలో ఖాళీ సంచి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. మోకాళ్ళు నొప్పులు పుడుతున్నాయి, భుజం మంట, నిద్ర. తొమ్మిది కిలోలు తగ్గినందుకు మనసు తేలికైపోయిందని రాస్తే అబద్ధం. అలసట అలాగే ఉంది. ఇదివరకు ఎటు పోతున్నానో తెలియని అలసట, ఇది ఒక ఊరు వెళ్ళొచ్చిన అలసట. మర్నాడు పొద్దున బియ్యం కడిగేముందు గుప్పెడు తీసి డబ్బాలో వేశాను. ఖాళీ డబ్బాలో గింజలు పడిన చప్పుడు పెద్దగా వినిపించింది. పదో కిలో ఎప్పుడు వస్తుందో తెలియదు. ఈసారి బల్లకు రెండడుగుల దూరంలో కూర్చోవాలని మాత్రం అనుకున్నాను.

మీరు కూడా తగ్గినంత బరువు మోసుకుని ఎక్కడికైనా వెళ్ళాలనుకుంటే నాది ఒకటే సలహా: బియ్యం ఒకే సంచిలో పోయకండి. సగం సగం రెండు సంచుల్లో పోసుకుని రెండు చేతులా పట్టుకోండి, భుజం మిగులుతుంది. ఇక ఒక మనవి. ఇది మీ ఫోన్లోనే దాచుకోండి, నీరసం వచ్చినరోజు తీసి చదువుకోండి. మా చర్చి ఆడవాళ్ళ గ్రూపులోకి మాత్రం పంపకండి. ఆ లడ్డూలు పెట్టినవాళ్ళందరూ అందులోనే ఉన్నారు. వాళ్ళ గుమ్మాల్లో చాలు అనే మాట నేనే వెళ్ళి, వాళ్ళ మొహం చూస్తూ, మెల్లగా చెప్పుకోవాలి.