ఎపిఫానియా వదిన చిచా, నా క్లోరిన్ చుక్కలు

మా కొండ ఊరు మొయ్యె పాంపాలో దాహమేసినవాడు ముందు ఎపిఫానియా వదిన గుమ్మం వైపు చూస్తాడు. అక్కడ కర్రకు తెల్ల గుడ్డ కట్టి ఉంటే లోపల చిచా తయారుగా ఉన్నట్టు. చిచా అంటే మా మొక్కజొన్న కల్లు. ముప్ఫై ఏళ్లుగా మా ఊరి పెళ్లిళ్లూ, చావులూ, శాన్ ఇసిద్రో పండగా ఆమె బానల మీదే నడిచాయి. ఆ సంగతి వదినకు బాగా తెలుసు. తెలియనట్టు ఒక్కరోజు కూడా నటించలేదు.

ఊరికి కుళాయి తెచ్చిందీ ఆమే. గుట్ట మీది ఊట నుంచి గొట్టాలు వేయాలంటే ఇంటికొకరు కాలువ తవ్వాలి. మా మగాళ్లలో ఒకడికి నడుం నొప్పి, ఇంకొకడికి బంగాళదుంపల పని. తెల్లారేసరికి వదిన మంచం పక్కన ప్రత్యక్షం.

"నిన్న ఆరు సొరబుర్రల చిచా ఎత్తినప్పుడు లేని నొప్పి, పార ఎత్తితే వచ్చిందా? లే!"

లేచాం. తవ్వాం. నీళ్లొచ్చాయి. అంతకుముందు ఆడవాళ్లు రోజుకు మూడుసార్లు గాడిదలను తోలుకుని వాగుకు వెళ్లేవారు. ఆవులు దిగి నిలబడ్డ నీళ్లే మేమూ తాగేవాళ్లం. ఇప్పుడు ఆడపిల్లలు తీరుబడిగా జడలు వేసుకుని కూడా వేళకు బడికి వెళుతున్నారు. వానాకాలంలో కడుపులు పట్టుకుని వచ్చేవాళ్లు లేక ఆసుపత్రి నర్సమ్మ అల్లిక మొదలుపెట్టింది, నాకూ ఒక టోపీ అల్లిచ్చింది. గాడిదలు మాత్రం పనిలేక లావెక్కాయి.

ట్యాంకులో క్లోరిన్ చుక్కలు సరిగ్గా పడేలా చూసే పని వదిన నాకు అంటగట్టింది. మందు ఆపినవాడు ఇరవై బస్తాల ఇసుక గుట్ట మీదికి మొయ్యాలని ట్యాంకు గోడ మీద ఎర్ర రంగుతో తనే రాసింది.

ఆ తర్వాత చిచా చెడింది. నురగ లేదు, పులుపు లేదు. మొదటి బుర్ర తాగిన రుఫీనో వదిన ముఖం వైపు చూడకుండా అడిగాడు.

"వదినా, ఇది తాగాలా, పుండు కడుక్కోవాలా?"

రెండోసారి వండిందీ అంతే. అందరూ నా క్లోరిన్‌నే తిట్టారు. గుమ్మం మీద గుడ్డ ఎగురుతూనే ఉంది, జనం మాత్రం ఏరు దాటి, అక్కడ చిచా వండే కసిమీరా ఇంటికి పోతున్నారు. శాన్ ఇసిద్రో పండగ ఇంక మూడు వారాలు. పండగ చిచా కూడా కసిమీరాకే ఇద్దామని ఊళ్లో మాట పుట్టింది. వదిన తిండి మానేసింది. నిజం చెప్పొద్దూ, నాకు జాలేసింది.

ఒక ఉదయం పళ్లెం నిండా ఉడికించిన మొక్కజొన్న, జున్నుముక్కలు పెట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆ ఇంటి నుంచి ఊరికే పళ్లెం రావడం నేనెరుగను.

"ఎలియో, మూడు రోజులు ఆ మందు ఆపవయ్యా. ఒక్క వంట వండుకుంటాను."

"మరి గోడ మీద రాసిందెవరు వదినా?"

"రాసిన చేత్తోనే చెరుపుతా."

"ఇసుక బస్తాలు కూడా ఆ చేత్తోనే మోస్తావా?"

పళ్లెం వెనక్కి తీసుకుని మరీ వెళ్లిపోయింది.

మర్నాడు నేను గుట్టెక్కేసరికి ట్యాంకు మూత మీద కూర్చుని ఉంది. చెయ్యి మందు వదిలే, ఆపే పిడి మీదే ఉంది. కింద బడి వదిలారు. పిల్లలు తోసుకుంటూ కుళాయి కింద తలలు పక్కకు వాల్చి తాగుతున్నారు. ఆమె మొహం చూడలేక నేనే మెత్తబడ్డాను.

"సరే, తిప్పుకో వదినా. మూడు రోజులకేం కొంప మునగదులే."

"మా నీల్దాకు విరేచనాలు పట్టుకున్నప్పుడు నేనూ అదే అనుకున్నాను. తగ్గిపోతుందిలే అని చిచా వండుతూ కూర్చున్నాను. మూడో రోజుకు పిల్ల లేదు."

కూతురు పోయిన ఇరవై రెండేళ్లలో ఆ పేరు ఆమె నోట వినడం నాకదే మొదలు. పిడి మీది నుంచి చెయ్యి తీసి, పావడా దులుపుకుని, దిగి నేరుగా ఏటి వైపు నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను.

కసిమీరా ఇంటి వాకిట్లో నిలబడి వదిన ఒక్క ఊపున చెప్పేసింది. "పండగ చిచా నువ్వే వండు. నా చేతికి ఇంక చిచా కుదరడం లేదు."

ముప్ఫై ఏళ్ల పోటీ. కసిమీరా ఎగతాళి చేస్తుందనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"బానలు ఎట్లా కడుగుతున్నావే?"

"నాలుగు నీళ్లు పోసి, బ్రష్షుతో తోమి, లోపలా బయటా. ఇంటి ముందు కుళాయి పెట్టుకుని పిసినారితనం ఎందుకు?"

కసిమీరా నవ్వీ నవ్వీ గుమ్మంలో కూలబడింది.

"నీళ్లు మోసుకొచ్చిన రోజుల్లో చెంబెడుతో తొలిచి వదిలేసేదానివి కదే! మీ అమ్మమ్మ నాటి మడ్డి బాన అడుగున ఉండేది. అదే పులియబెట్టేది. దాన్ని కాస్తా తోమి పారేశావు, పిచ్చిదానా!"

నవ్వుతూనే లోపలికి వెళ్లి, తన బానలోంచి మడ్డి తీసి వదిన చేతిలో పెట్టింది. వదిన మొహం కందగడ్డయింది. మడ్డి గిన్నెను మాత్రం గట్టిగా పట్టుకుంది.

పండగనాడు వదిన తను వండిన చిచాలో మొదటి బుర్ర నాకే ఇచ్చింది. నురగ మీసాలకంటింది. పులుపు నాలుకను చురుక్కుమనిపించింది. ఆమె నా నోటి వంకే చూస్తోంది. నేను బుర్ర మళ్లీ చాపాను.

పొయ్యలేదు.

"ఇవాళ మందు చూసొచ్చావా?"

"పండగ కదా వదినా, రేపు..."

"పిల్లలు ఇవాళ నీళ్లు తాగరా? పో, పోయిరా."

ఊరంతా నవ్వుతుంటే ఖాళీ బుర్ర పట్టుకుని గుట్టెక్కాను.