తూటాలో శుభలేఖ

ఎవరైనా పెండ్లి కార్డు చేతిలో పెడితే నేను ముహూర్తం చూడను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మందం చూస్తాను. మొన్న మేనబావ రాజేశం తన బిడ్డ పెండ్లికి పిలవడానికి వచ్చినప్పుడూ అదే జరిగింది. మూలలకు పూసిన పసుపూ, కొత్త సిరా ముక్కుకు తగలగానే వేళ్లు తమ పాత పనిలో పడ్డాయి. నా మూర్ఖత్వం నాకంటే నా వేళ్లకే బాగా గుర్తు.

గోదావరి ఒడ్డున మా ఊళ్లో పెద్దబాపుకు లైసెన్సు తుపాకి ఒకటుండేది. ఒక తూటా పేలితే ఆ ఊపుతోనే రెండోదాన్ని తనంతట తానే ఎక్కించుకునే రకం. ముసలిదైంది కనుక నోటికి రుచించిందే మింగేది. షాపు తూటాలు పడేవి కావు, ఇంట్లో నింపినవే కావాలె. గోదావరిఖని క్వార్టర్ల నుంచి మేం దసరా సెలవులకు పోయేసరికి మక్కకంకులు పాలుపట్టి ఉండేవి, వాటికోసం అడవిపందులు దిగేవి. వంటింట్లో అమ్మ మక్కగారెలు చేస్తుంటే, అరుగు మీద పెద్దమ్మ బతుకమ్మకని గునుగుపూలకు రంగులద్దుతుంటే, పెద్దబాపు ఖాళీ తూటాలను వేలితో తడిమి, నోరు సాగినవి పారేసి, కౌజుపిట్టలకైతే ఆవాలంత చర్రలు, పందికైతే శనగగింజలంత గుండ్లు ఏరుకునేవాడు. మందుకూ గుండ్లకూ మధ్య బిగుతుగా కూర్చునే అట్టబిళ్లలు కొయ్యడం నా డ్యూటీ. అందుకు పెండ్లి కార్డును మించిన అట్ట లేదు. బొగ్గుగనిలో బాపు షిఫ్టు వాళ్లు ఎవరింట పెండ్లయినా కార్డు నాకే చేరేది. దాని మీద ఇనుప గొట్టం ఆనించి సుత్తెతో ఒక్కటేస్తే వధువో వరుడో గుండ్రంగా ఊడొచ్చేవాళ్లు.

ఒక ఏడు దసరా ముందరే అక్క పెండ్లయింది. మిగిలిన కార్డుల కట్ట, మంచి మందం, నా చేతికిచ్చారు. అప్పుడు రాజేశం బావ నా చెవిలో ఊదాడు.

"ఏ కార్డు తూటాల వెడితే ఆ జంట ఇడిపోతదిరా. దీపావళికి మీ అక్కను ఈడ దిగవెట్టి పోతడు సూడు."

నమ్మాను. అత్తగారింటికి పోతూ అక్క ఏడ్చిన ఏడుపు ఇంకా నా చొక్కా మీద ఆరలేదు. కట్టను వడ్ల గుమ్మిలో దాచి, అగరుబత్తి డబ్బాల అట్టతో బిళ్లలు కోశాను. నా తెలివిలాగే అదీ పలచన.

ఆ రాత్రి పందులు దిగితే మంచె మీద తుపాకి పేలలేదు, తుమ్మింది. గుండ్లు మంచె కిందే రాలాయి. ఊపు చాలక ఖాళీ తూటా గొంతులో అడ్డంపడి, రెండోది ఎక్కనే లేదు. తెల్లారేసరికి సగం చేను నేలమట్టం. పెద్దబాపు తిట్టలేదు; విరిగిన కంకులు ఏరుతూ, ఎందుకట్ల చేసినవని మెల్లగా అడిగాడు. చెప్పి ఏడ్చాను. ఆయన నన్ను దగ్గరికి తీసుకుని పెద్దమ్మ దిక్కు చూశాడు.

"మా పెండ్లికి కార్డే లేదు బిడ్డా. అయినా మీ పెద్దమ్మ దినాం పేలుతనే ఉంటది."

"తుమ్మే తుపాకి ఉన్నోనింట్ల ఎవరో ఒకరు పేలాలె గద," అంది పెద్దమ్మ, కంకులు ఒడిలో వేసుకుంటూ.

బావ ఆ పొద్దంతా నవ్వాడు. నా పేరు 'అగరుబత్తి' అయింది. దీపావళికి అక్క తన మొగనితో కలిసే వచ్చింది. ఎందుకైనా మంచిదని ఉన్నన్నాళ్లూ ఇద్దరి మధ్యా నేనే కూర్చున్నాను.

తర్వాత తుపాకి ఠాణాలో జమ అయింది, తిరిగి రాలేదు. పెద్దబాపు లేడు. చేను మీద ఓపెన్‌కాస్టు బొగ్గుగని తవ్విపోసిన మట్టిగుట్ట లేచింది. మిగిలింది ఆ ఇనుప గొట్టం ఒక్కటే, కాగితాలు ఎగరకుండా నా టేబుల్ మీద ఉంటుంది.

మొన్న కార్డు మందం చూసి, గొట్టాన్ని తీసి దాని పక్కన పెట్టాను. బావ గొట్టాన్ని చూశాడు, నన్ను చూశాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి కార్డును మెల్లగా తన దిక్కు లాక్కున్నాడు.

"నీకు ఫోన్ల పంపుత తియ్," అన్నాడు.