తేనె సీసా మీద పేరు

ఏడేళ్లుగా ఒక మాట గొంతులో ముల్లులా ఉంది. మింగితే దిగదు, కక్కితే రాదు. ఇంట్లో అందరికీ కథలు చెప్పేది నేనే. ఎవరి పెళ్లిలో ఏ కూర మాడిందో, ఏ బర్రె ఏ పొద్దున ఈనిందో నాకు గుర్తే. ఇదొక్కటే చెప్పలేదు. మీరు నాకు ఏమీ కారు, అందుకే మీకు చెబుతున్నాను.

నా పేరు చెన్నమ్మ. చెప్పినా పట్టుబడను. మార్కాపురం చెన్నకేశవుడి పేరు పెట్టుకోని ఇల్లు మా తట్టు ఉండదు, వీధికి ఇద్దరు చెన్నమ్మలం. నా తప్పూ ఆ పేరులోంచే పుట్టింది.

గిద్దలూరులో ఒక పసిపిల్ల గుండె ఆపరేషన్ కోసం ఆదివారం పూట సాయం సభ పెట్టారు. ఇంటికొక వస్తువు ఇస్తే, ఇచ్చినవాళ్లు చెప్పిన పేరు మైకులో చదివి, వేలం పాడి, వచ్చింది ఆ పిల్లకిస్తారు. కొడుకు, కోడలు, మనవరాళ్లిద్దరితో నేనూ బయలుదేరాను. కోడలు నెయ్యి డబ్బా తీసుకుంది. నేను కందిపప్పు మూట కట్టాను. ఆ ఏడు వానల్లేక కంది సరిగా కాయలేదు. గడప దాటేటప్పుడు మనసొప్పక మూట తలుపు వెనకే వదిలేశాను.

ఆటోలో కోడలు అడిగింది. "ఏందత్తా, చేతులూపుకుంటా వచ్చినావు?"

"ముందే పంపిచ్చినాలే. నా పేరు చదివినప్పుడు ఇందువుగానీ."

ఎందుకన్నాను? మర్చిపోయానంటే సరిపోయేది కదా?

షామియానా కింద కూర్చున్న కాసేపటికి మైకు పలికింది. "చెన్నమ్మ పేరు మీద, అడవి తేనె సీసా ఒకటి!"

"మా జేజిదే! లెయ్యి జేజీ, లెయ్యి!" మనవరాళ్లు నన్ను రెండు పక్కలా లాగారు. లేచాను. దండం పెట్టాను. చప్పట్లు కొట్టారు. కొడుకు ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం చూశాక నిజం ఎట్లా చెప్పాలో తెలియలేదు. వెనక వరుసలో ఒకామె సగం లేచి, నన్ను చూసి, మళ్లీ కూర్చోవడం మాత్రం కనిపించింది.

తర్వాత కుళాయి దగ్గర చేతులు కడుగుతుంటే ఆమే వచ్చింది. నల్లమల నుంచి తేనె, కుంకుడుకాయలు తెచ్చి అమ్ముకునే మనిషి. కోడలు నా పక్కనే ఉంది.

"అక్కా, నీ పేరూ చెన్నమ్మేనా?"

"ఆఁ."

"నా బిడ్డ పేరూ అదే. ఇదే గుండె జబ్బుతో పోయినాది. దాని పేరు మీద తేనె ఇచ్చినా. మైకులో ఒక్కసారి ఇని పోదామని పొద్దున్నే బస్సెక్కినా. ఇందాక చదివింది నీదా, నా బిడ్డదా?"

కోడలు నా ముఖంలోకి చూస్తోంది.

"నాదే," అన్నాను.

ఆమె బరువు దిగినట్టు నవ్వింది. "ఐతే దానిది ఇంకా చదవలేదు! పిలిచేది దాన్నే అనుకోని లేచినా చూడు, పిచ్చిదాన్ని. పోయి ముందర కూసుంటా అక్కా."

వెళ్లి ముందు వరుసలో కూర్చుంది.

మేము ఆటో ఎక్కే వేళకు వేలం ముగిసింది. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నారు. మైకు తీగ చుడుతున్నారు. ఆమె కూర్చున్న కుర్చీ ఒక్కటే మిగిలింది. ఆమె ఇంకా మైకు వైపే చూస్తోంది. నాలుగడుగులు వేస్తే చాలు. చిన్న మనవరాలు నా చెయ్యి పట్టుకుని ఉంది. విడిపించుకోలేదు నేను.

తేనె ఆ పిల్లకు ఉపయోగపడింది కదా అని చాలాసార్లు చెప్పుకున్నాను. తేనె చేరింది. పేరు చేరలేదు.

బస్టాండులో తేనె అమ్మేవాళ్లు కనిపిస్తే ముఖాలు వెతుకుతాను. ఆమె కాదు. ఆమే అయితే ఏం చేస్తాను? పిలుస్తానా, తల తిప్పుకుంటానా? అదీ తెలియదు. ఇంట్లో దానధర్మాల మాటొస్తే కోడలు ఇప్పటికీ, "మా అత్త అడవి తేనె తెప్పిచ్చి ఇచ్చింది," అంటుంది. అందరూ నన్ను మురిపెంగా చూస్తారు. అంతమంది నావాళ్ల నడుమ నేనొక్కదాన్నే మిగిలిపోతాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, నేను ఏడిపించింది మిమ్మల్ని కాదు. అక్షరాలు కూడబలుక్కుంటూ, మనవరాలి నోటుబుక్కులోంచి చించిన కాగితం మీద ఇంత రాశాను. ఇక్కడిదాకా చదివారు కాబట్టి ఈ ఒక్క వరుస మాత్రం గొంతెత్తి చదవండి.

చెన్నమ్మ పేరు మీద, అడవి తేనె సీసా ఒకటి.

ఆ చెన్నమ్మ నేను కాదు.