నూకాలమ్మత్త ఎక్కనన్న కారు

మా పక్క క్వార్టర్ నూకాలమ్మత్తతో చేపల విషయంలో వాదించి నెగ్గినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు. గోల్‌బజార్ చేపల వరసలో ఆమె అడుగుపెడితే చాలు, బెంగాలీ వ్యాపారులు పాత సరుకును గోనె కిందకి తోసేసేవారు. చేత్తో ముట్టుకోకుండానే, "దాదా, ఎటా కాల్‌కేర్ మాఛ్" అనేది. నిన్నటి చేప అని ఆమె అన్నదంటే నిన్నటిదే, ఇక బేరం లేదు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన కుటుంబం. అత్త పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది అంతా ఇక్కడే. బజారు ఆమెకు బజారు కాదు, రోజూ గెలిచి వచ్చే ఊరు.

అలాంటి మనిషికి మోకాళ్ళు పట్టేశాయి. టోటో రిక్షా ఎక్కితే కుదుపులు, దిగితే నడక. బజారు మానేసి వరండాలో కుర్చీకి అంటుకుపోయింది. ఆమె మొగుడు గణపతి మావయ్య వర్క్‌షాపులో ఫిట్టరు. మాటలో మొరటు గానీ, పెళ్ళాం అలా కూలబడటం చూడలేకపోయాడు. సెకండ్ హ్యాండ్‌లో ఒక తెల్ల కారు కొన్నాడు. అత్త ముందు సీట్లో కూర్చుని మళ్ళీ గోల్‌బజార్ వెళ్ళిన రోజున న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో మా వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. నాకైతే కళ్ళు చెమర్చాయి.

రెండో వానాకాలం వచ్చేసరికి కారులో వాసన మొదలైంది. ఏసీ వేయగానే ఎదురుగా ఉన్న కన్నాల్లోంచి తడి గోనెసంచి మూలన పడేసి మరిచిపోయినట్టు ఒక ముక్కిపోయిన వాసన ముఖాన కొట్టేది. మావయ్య క్షణం ఆలోచించలేదు.

"ఇదంతా నీ ఎండుసేపలేనే!" అన్నాడు.

అత్త ఎండు చేపలు తెచ్చేది మూత బిగించిన స్టీలు డబ్బాలో. ఆ మూత తియ్యాలంటే నాలాంటిదానికి చెంచా ఆనించాల్సిందే. ఆ మాట ఆయనకు ఎవరు చెప్పాలి? పైగా వర్క్‌షాపులో కూడా అదే పాట పాడాడు. సాయంత్రం సైరను కూసి మగవాళ్ళు ఇళ్ళు చేరేసరికి వీధి మొత్తానికి తెలిసిపోయింది. ఎదురింటి అనసూయ గారు ఒకరోజు వాళ్ళతో కారులో గుడికి వచ్చి, దిగుతూ దిగుతూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "ఏమిటమ్మా నూకాలమ్మా, అమ్మవారి దగ్గరికి కూడా చేపల బండిలోనే తెచ్చావా?" అన్నారు, అందరూ వింటుండగా. ఆవిడేమీ చేప తినని మనిషి కాదు. అత్త వండిన రొయ్యపొట్టు వంకాయ గిన్నె ఖాళీ చేసి పంపిన మనిషే. నాకు ఒళ్ళు మండిపోయింది.

అత్త గుళ్ళో దండం పెట్టుకుని వచ్చి, ఇంటి ముందు కారు దిగి, తలుపు వేసి, మొగుడి వైపు తిరిగింది.

"నీ కారు నాను మరెక్కను. ఆ కంపు నాది కాదని తేలేదాకా నా ఇంట ఎండుసేప ఉడకదు."

అన్నట్టే చేసింది. మళ్ళీ వరండా, మళ్ళీ కుర్చీ. గోల్‌బజార్ నుంచి మావయ్య తెచ్చే చేపల పొట్ట నొక్కితే వేలు దిగబడిపోయేది. దాదాలు ఆయన్ని చూడగానే గోనె కింద సరుకు బయటికి తీసేవారేమో. ఎండు రొయ్య లేనిదే ముద్ద దిగని మనిషి బంగాళాదుంపల వేపుడు తిని డ్యూటీకి వెళ్ళాడు. నేను జాలిపడలేదు.

వాసన పోగొట్టడానికి ఆయన చెయ్యని పని లేదు. నిమ్మచెక్కలు పెట్టాడు, కర్పూరం పెట్టాడు, గిన్నెలో కాఫీపొడి పెట్టాడు. సెంటు బిళ్ళ వేలాడదీస్తే కుళ్ళిన గులాబీల వాసన వచ్చింది. తలుపులు మూసి సాంబ్రాణి వేస్తే, కారు అంటుకుందని మా ఇంటాయన బకెట్టుతో పరిగెత్తారు. ఏదీ పనిచెయ్యక దేవుడి మీద భారం వేసి, శుక్రవారం శుక్రవారం కారుకు చేసే పూజ రెట్టింపు చేశాడు. రెండు దోసిళ్ళ బంతిరేకలు, పసుపు అక్షింతలు అద్దం మీద చల్లేవాడు.

"సేప కంపైతే తలుపు తియ్యగానే రావాల గదా. ఫేను తిరిగితేనే ఎందుకొస్తాది? సీట్లలో కాదయ్యా, ఆ గాలొచ్చే దారిలోనే ఉంది ఏటో," అని అత్త వరండాలోంచి చెప్తూనే ఉంది. వింటేగా!

విశ్వకర్మ పూజ రోజు వచ్చింది. వర్క్‌షాపులో ఆ రోజు యంత్రాలకు పండగ. మావయ్య ముందు ఇంటి దగ్గర కారుకు పూజ చేసి వెళ్ళాలని, కడిగి బొట్లు పెట్టాడు. ప్రసాదానికి వీధి జనం చేరారు. అనసూయ గారూ వచ్చారు. మావయ్య దోసిలి నిండా అక్షింతలు తీసి ముందు అద్దం మీద చల్లాడు. అవి జారుకుంటూ వైపర్ల దగ్గరికి వచ్చి, కింద ఉన్న నల్ల ప్లాస్టిక్ జాలీలోకి దిగిపోయాయి.

"ఆగు!"

కుర్చీ చేతులు పట్టుకుని అత్త లేచింది. "ఆ బియ్యం ఎక్కడికెల్లిపోనాయి?"

"ఎక్కడికెల్తాయే, కిందకి."

"కింద నేల మీదొక్క గింజ నేదు. సూడు."

మావయ్య వంగి చూశాడు. నిజంగానే లేదు. ఆయన ముఖం అప్పుడు చూడాలి. రైలు బ్రేకు పైపుల్లో గాలి ఎక్కడ కారుతోందో చెవి పెట్టి పట్టే ఫిట్టరు! తన కారులోకి గాలి ఎటునుంచి వస్తుందో ఒక్కసారీ చూడలేదు. పూజ ఆపి స్క్రూడ్రైవరు తెచ్చాడు. వైపర్లు విప్పి జాలీ పైకెత్తాడు.

గుప్పుమంది. అదే వాసన.

కారు కొన్నప్పటినుంచీ చల్లిన పూజంతా అక్కడే ఉంది. నల్లటి బంతిరేకలు, ముద్దయిపోయిన బియ్యం, వాటి మీద బూజు. వాన నీళ్ళు పోయే కన్నం మూసుకుపోయి అంతా ఊరుతోంది. ఒక పక్కన రెండు బుల్లి బంతి మొక్కలు మొలిచి కూడా ఉన్నాయి. ఏసీకి వెళ్ళే గాలి వాటిమీదుగానే లోపలికి పోతోంది.

నూకాలమ్మత్త గట్టిగా నవ్వలేదు. మెట్టు మెట్టూ దిగి వచ్చి, ఆ ముద్ద వైపు వేలు చూపించింది.

"అనసూయమ్మగారూ, ఓపాలి ఇటు రండి. ఇందులో సేప ఎక్కడుందో ఎతికి పెట్టండి."

వీధంతా ఘొల్లుమంది. మావయ్య చేతిలో స్క్రూడ్రైవరుతో అలాగే నిలబడి, "తప్పు నాదేనే. నీ మీద ఎయ్యకూడని నింద ఏసినాను," అన్నాడు, అందరిముందూ. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

ఇక పని పట్టాలెక్కింది. కుళ్ళంతా ఎత్తి, తీగ పెట్టి కన్నం తెరిచి, నీళ్ళతో కడిగాడు. డాష్‌బోర్డు పెట్టె వెనకాల ఉన్న ఫిల్టరు తీస్తే మాడిన అప్పడంలా ఉంది. కొత్తది వేశాడు. మెకానిక్కు చేత ఏసీ కాయిల్‌కు నురగ మందు కొట్టించి, తలుపులు బార్లా తీసి ఎండలో ఆరబెట్టాడు. ఇప్పుడు ఇల్లు దగ్గరపడగానే ఏసీ ఆపేసి వట్టి ఫ్యాను తిప్పుతాడు, లోపల తడి ఆరాలని. పూజ మానలేదు. కాకపోతే పూలన్నీ ముందు చక్రాల దగ్గరే.

ఆ ఆదివారం అత్త పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. నన్నూ రమ్మంది. గోల్‌బజార్‌లో ఆమెను చూసి ఒక దాదా, "దీదీ, ఎతోదిన్ కోథాయ్ ఛిలేన్?" అని ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని అడుగుతూనే కాలితో ఏదో గోనె కిందకి తోశాడు. అత్త ముఖం వెలిగిపోయింది.

తిరిగి వస్తుంటే దారిలో అనసూయ గారు టోటో కోసం నిలబడి ఉన్నారు. అత్తే కారు ఆపించింది. ఆవిడ వెనక నా పక్కన కూర్చోగానే, "ఇది కాస్త పట్టుకోండమ్మా," అని స్టీలు డబ్బా ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఏసీ చల్లగా వీచింది. అనసూయ గారు రెండుసార్లు గాలి పీల్చి చూశారు.

"ఇప్పుడు హాయిగా ఉందమ్మా నూకాలమ్మా. మొత్తానికి ఎండు చేపలు మోయడం మానేశావన్నమాట!"

అత్త వెనక్కి తిరిగింది.

"మీ ఒళ్ళో ఉన్నదేటనుకున్నారు?"