మాస్టారు మేడెక్కిన రోజు

మా ఎదురు ఫ్లాట్ అమ్మాయికి పన్నెండేళ్ళుంటాయి. బెంజ్ సర్కిల్ హారన్ల మోత పడక, పొద్దున్నే కిటికీలన్నీ బిగించుకుని కంప్యూటరు ముందు కూర్చుంటుంది. మొన్న కరివేపాకు కోసం వెళ్తే వాళ్ళమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "ఆన్‌లైన్ స్కూలండీ. దానికి ఆటిజం కదా, కెమెరా ఆన్ చెయ్యక్కర్లేదన్నారు. ఎవరి మొహమూ చూడక్కర్లేకపోయేసరికి ఎంత బాగా సమాధానాలు చెప్తోందో!" కరివేపాకు రెబ్బ తీసుకుని వచ్చేశాను. అలాంటి బడి ఒకటి తొంభైల్లోనే మా ఇంట్లో నడిచిందంటే ఆవిడ నమ్ముతుందా? ఏడాదైనా నడవలేదనుకోండి.

వన్‌టౌన్‌లో మాకు కింద కొట్టు, పైన ఇల్లు. తాతది మగ్గం, నాన్నది బట్టల వ్యాపారం. కొత్త చీరల గంజి వాసన మెట్లెక్కి వచ్చి మా అన్నం కంచాల దగ్గర కూర్చునేది. టెలిఫోను కోసం జనం ఏళ్ళ తరబడి కాచుకునే రోజుల్లో నాన్న కొట్టుకీ ఇంటికీ మధ్య ఇంటర్‌కం పెట్టించాడు. పైన బీరువాల్లోని సరుకు అడగడానికని చెప్పేవాడు కానీ, అది ఎక్కువగా పనికొచ్చింది కాఫీ అడగడానికే. బేరానికొచ్చిన వాళ్ళ ముందు మాత్రం రిసీవరు ఎత్తి, మద్రాసు మిల్లువాళ్ళతో మాట్లాడుతున్నంత గంభీరంగా "ఆఁ, చెప్పండి" అనేవాడు. పైనుంచి అమ్మ, "పాలు విరిగాయి" అనేది.

నా చెల్లి నాకన్నా బాగా చిన్నది. బడిలో గంట కొడితే చెవులు మూసుకుని బల్ల కింద దూరేది. ఎదురుగా నిలబడి ప్రశ్న అడిగితే ఆ ప్రశ్ననే తిరిగి అప్పజెప్పేది. ఆటిజం అన్న మాట మేమెవరమూ వినలేదు. బంధువులు తలో పేరూ పెట్టారు, తలో తాయెత్తూ కట్టారు. ఐదో తరగతిలో హెడ్‌మిస్ట్రెస్ నాన్నని పిలిచి, "మీ పాపకి మా స్కూలు సరిపడదండీ" అంది. అది మొదలు చెల్లి పగలంతా మేడ మీదే. ఆడుకోవడానికి ఎవరూ రాలేదు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి చీరల కట్టల మధ్య గోడకి తిరిగి కూర్చుని ఉండేది.

ఒక మధ్యాహ్నం అమ్మ స్నానంలో ఉండగా ఇంటర్‌కం మోగితే చెల్లి ఎత్తింది. "నీలం అంచు చీరలున్నాయా?" అన్నాడు నాన్న, అమ్మే అనుకుని. "ఉన్నాయి. కింది అరలో, ఎర్రవాటి వెనక" అని తడుముకోకుండా చెప్పింది. నాన్న రిసీవరు పట్టుకుని బేరం సంగతే మర్చిపోయాడట. ఊరకే పేపరు చదువుకోవడానికి కొట్టుకొచ్చే రిటైరైన లెక్కల మాస్టారు ఆ రిసీవరు అందుకున్నారు.

"అమ్మాయ్, ఏడెనిమిదులు ఎంత?"

"యాభై ఆరు. మీరెవరు?"

మా చెల్లి ఒక మనిషిని ప్రశ్న అడగడం అదే మొదలు. మర్నాటి నుంచి బేరాలు పల్చబడే మధ్యాహ్నం వేళ మాస్టారు కింద గల్లాపెట్టె పక్కన, చెల్లి పైన గోడ పక్కన. లెక్కలు, సైన్సు, భూగోళం అన్నీ ఆ తీగ మీదే నడిచాయి. ఒకసారి, "కృష్ణ సముద్రంలో కలిశాక కూడా ఆ నీళ్ళని కృష్ణ అనే అంటారా?" అని అడిగింది. మాస్టారు తెగ సంబరపడిపోయి, "ఆలోచించి రేపు చెప్తానమ్మా" అన్నారు. ఏడో తరగతి పరీక్షకి ప్రైవేటుగా కట్టిద్దామని నాన్న ధైర్యం చేసి అనడం మొదలుపెట్టాడు.

ఇంతలో దసరా వచ్చింది. "చదువు చెప్పిన గురువుని మెట్ల కిందనుంచే పంపేస్తామా? బట్టల కొట్టు పెట్టుకుని ఆయనకి బట్టలు పెట్టకపోతే నలుగురూ ఏమనుకుంటారు?" అంది అమ్మ. మాస్టారు, "వద్దమ్మా, ఇలా బాగానే జరుగుతోంది కదా" అన్నారు. మా వైపు వద్దంటే మర్యాదకి వద్దన్నట్టు లెక్క. ఇంకో మూడుసార్లు బతిమాలడం మన ధర్మం. బతిమాలాం. పండగనాడు ఆయన మేడెక్కారు. చెల్లికి పట్టు పరికిణీ కట్టి, పంచెల చాపు పెట్టిన పళ్ళెం చేతికిచ్చి ముందుకు నడిపించింది అమ్మ.

"ఏమ్మా అమ్మాయ్" అన్నారు మాస్టారు, నవ్వుతూ.

చెల్లి ఆ గొంతు వచ్చిన నోటిని చూసింది. గోడకున్న ఇంటర్‌కం వైపు చూసింది. మళ్ళీ ఆ నోటిని చూసింది. పళ్ళెం జారిపోయింది. లోపలి గదిలోకి పరిగెత్తి గడియ పెట్టుకుని, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే అదే.

మర్నాడు మధ్యాహ్నం ఇంటర్‌కం మోగింది. చెల్లి దాని ముందే కూర్చుని, మోగినంతసేపూ చూసి, ఆగిపోయాక గోడకి తిరిగింది. అమ్మ రిసీవరు చెవి దగ్గర పెట్టబోతే తోసేసింది. మాస్టారు వేసవి దాకా వచ్చారు. రోజూ ఒకసారి మోగించి, కాసేపు చూసి, పేపరు మడిచి వెళ్ళిపోయేవారు. పరీక్ష ఫీజు మాట నాన్న మళ్ళీ ఎత్తలేదు. అమ్మ మటుకు చివరిదాకా, "నేనేం తప్పు చేశానే? గురువుకి బట్టలు పెట్టడం తప్పా?" అని నన్ను అడిగేది. తప్పు కాదమ్మా అనేదాన్ని. నిజంగానే కాదు, అందుకే ఆ దుఃఖాన్ని ఎవరి మీదా నెట్టలేకపోయాం.

ఇప్పుడు అమ్మా నాన్నా లేరు. చెల్లి నా దగ్గరే ఉంటుంది. నలభై దాటాయి. అన్నం పెడితే తింటుంది, బట్టలు నాకన్నా చక్కగా మడతపెడుతుంది, నేనేదైనా అడిగితే అదే మాట తిరిగి అంటుంది. ఆ దసరా తర్వాత తనంతట తాను ఎవరినీ ఏమీ అడగలేదు. మనుషులు ఎదురుపడకుండా చదువుకునే కాలం వస్తుందని అప్పుడెవరైనా ఆ తీగ మీద చెప్పుంటే, ఎన్నాళ్ళకి వస్తుందని అది తప్పకుండా అడిగి ఉండేది.