సైకిల్ దిగగానే వచ్చే జబ్బు

పొద్దున్నే అయిదున్నరకి మన్‌సుఖ్ బిలుంగ్ సార్ ఎదురుగాలిలో సైకిల్ తొక్కుకుంటూ మా హాకీ మైదానానికి వచ్చేవాడు. స్టాండు వేసేవాడు. మరుక్షణం జబ్బుపడేవాడు.

సుందర్‌గఢ్ జిల్లాలో కోచ్‌లకి కొదవలేదు గానీ, సైకిల్ మీద పహిల్వానులా వచ్చి నేలమీద కాలు పెట్టగానే రోగి అయ్యేవాడు ఆయనొక్కడే. సోమవారం గొంతు, మంగళవారం నడుము, బుధవారం పిప్పిపన్ను. ఏ జబ్బుకైనా మందు ఒకటే. మెడలో ఈల తీసి ఎవరో ఒక పిల్లకో పిల్లాడికో తగిలించి, "ఇవాళ్టికి నువ్వు కానిచ్చెయ్" అని బల్ల మీద చేరగిలబడటం.

నేను క్లబ్బు కార్యదర్శిని. ఓసారి ఉండబట్టలేక అడిగాను. "ఏమయ్యా, నీ ఒంట్లో బాగున్న భాగం ఏదైనా మిగిలిందా?"

"ఉంది. పొట్ట," అన్నాడు, నేను తెచ్చుకున్న చద్దన్నం గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

జబ్బులు కూడా మనిషిని బట్టి వచ్చేవి. నోట్లో నాలుక లేని ఇలియాస్ టొప్పో కనబడితే గొంతు పోయేది.

"సార్, నాకు అరవడం రాదు."

"నాకూ రావట్లేదుగా! ఇద్దరిలో చిన్నవాడివి, నువ్వే అరవాలి."

నెల తిరిగేసరికి ఇలియాస్ కేకలకి మైదానం పక్కన పశువులు మేయడం మానేశాయి.

సెలెస్టీనా కుజూర్ సంగతి వేరు. పదిహేడేళ్ళ పిల్ల, మా జట్టులో గోల్స్ కొట్టేది ఆమే. రాష్ట్ర క్రీడా హాస్టల్ సెలక్షన్లకి ముందు మోకాలిలో నరం తెగింది. ఇక పరుగు వద్దన్నాడు డాక్టరు. ఢిల్లీలో వాళ్ళ పిన్ని ఎవరింట్లోనో పని చూసిపెట్టింది. మేకపోతు బహుమతిగా ఊళ్ళ మధ్య జరిగే టోర్నమెంటు అయ్యాక రైలెక్కాలి. పోనీ చిన్నపిల్లలకి నేర్పమ్మా అని నేను ఈల అందిస్తే, "ఆడలేనివాళ్ళకే కదా కాకా ఇది" అని నా చెయ్యి తోసేసింది.

మర్నాడు బిలుంగ్ సార్ సైకిల్ దిగి కళ్ళు నులుముకున్నాడు.

"పొరలు కమ్మేశాయి. బంతి కనబడటం లేదు. సెలెస్టీనా, పక్కన కూర్చుని ఆట చెప్పు."

"కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి సార్."

"వెళ్దామంటే బస్సు బోర్డు కనబడొద్దూ?"

విసుక్కుంటూనే కూర్చుంది. "బంతి కుడి పక్క. ఇప్పుడు ఎడమ పక్క."

"గడియారంలో లోలకం కూడా ఇంతే చెబుతుంది. ఎందుకు వెళ్ళింది?"

ఎందుకో చెప్పడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి బంతి వెళ్ళకముందే ఎటు వెళ్తుందో చెప్పసాగింది.

ఫైనల్ రోజు గెలిచినవాళ్ళకి ఇచ్చే మేకపోతు గట్టున కట్టి ఉంది. అది ఏ ఊరికి వెళ్తే ఆ ఊరంతటికీ ఆ రాత్రి విందు. సగం ఆటకి మేం ఒక గోలు వెనకబడ్డాం.

"ఏమిటి సంగతి?" అన్నాడు గుడ్డి సార్.

"మనవాళ్ళందరూ బంతి వెనకే గుంపుగా పడుతున్నారు సార్! వాళ్ళ కుడి బ్యాక్ ముందుకొస్తే వెనక్కి పోవట్లేదు. అంత ఖాళీ పెట్టుకుని ఒక్కతీ అటు వెళ్ళదు!"

"నాకెందుకమ్మా చెబుతావు? నేను ఆడతానా?"

సెలెస్టీనా కుంటుకుంటూ వెళ్ళింది. హాకీ కర్రతో ఎర్రమట్టిలో గీతలు గీసింది, తిట్టింది, మళ్ళీ గీసింది. తర్వాత రెండు గోల్స్ పడ్డాయి. రెండూ ఆ ఖాళీలోంచే.

డప్పులు మోగాయి. ఆ మోతకి మేకపోతు తాడు తెంపుకుని, ఇళ్ళకి మళ్ళుతున్న మందలో కలిసిపోయింది. ఊరంతా గోల. బల్ల మీద నుంచి లేవకుండానే బిలుంగ్ సార్ చెయ్యి చాపాడు.

"అదిగో, ఆ చివర కల్వర్టు దగ్గర. చెవి కొస తెల్లగా ఉంది చూడండి."

కల్వర్టు ఎంత దూరమంటే, నాకు అక్కడ మంద ఉన్నట్టే కనబడలేదు. అందరూ మేకని వదిలేసి ఆయన్ని చూశారు.

"సార్, కళ్ళు?" అంది సెలెస్టీనా.

"మేక పెద్దది కదమ్మా. బంతి చిన్నది."

ఆ వారం ఢిల్లీ రైలు సెలెస్టీనా లేకుండానే వెళ్ళింది.

ఇవాళ మా చుట్టుపక్కల తొమ్మిది మైదానాల్లో ఈల ఊదేది మా క్లబ్బు పిల్లలే. ఆ మహానుభావుడి జబ్బులకి నేను రుణపడి ఉన్నాను.

మొన్న పొద్దున ఆయన మామూలుగా సైకిల్ దిగి నడుం పట్టుకున్నాడు. సెలెస్టీనా అప్పటికే మైదానంలో ఉంది. ఆయన్ని చూసి గట్టిగా దగ్గింది. మెడలో ఈల తీసి ఎనిమిదో తరగతి పిల్ల మెడలో వేసింది.

"నాకూ ఇవాళ గొంతు బాగాలేదే. నువ్వు కానిచ్చెయ్."

బిలుంగ్ సార్ బల్ల మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.